ఎంగిలి నాడె

నడుస్తున్న మరమగ్గం దగ్గర నుంచి మనిషిని లాగి బయటికి గెంటడం మల్లిక అంతకుముందు చూడలేదు. నిజాంపురాలో సదానందం సేటు కార్ఖానా గేటు ముందు, మిట్టమధ్యాహ్నం, అంకుశం బట్టల సంచీ, టిఫిన్ డబ్బా దుమ్ములో పడ్డాయి. వాటి వెనకే అంకుశం వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా అక్కడే బట్ట నేసిన మనిషి.

"బిమారి తగ్గినంక రా. అందరికి అంటిపెడ్తవా ఏంది?" అన్నాడు సేటు.

అతని చేతిలో ఒక కాగితం ఉంది. అందులో మూడు పేర్లున్నాయి. చేతిరాత మల్లికదే.

ఆమె ఆ బస్తీ దవాఖానలో నర్సు. కళ్లె పరీక్ష డబ్బీలు పట్టుకుని కార్ఖానాలు తిరగడం ఆమె పని. సాంచాలని వీళ్లు పిలిచే ఈ మరమగ్గాల మీదే ఆమె తండ్రీ దగ్గి దగ్గి పోయాడు. సేటు దగ్గర ముగ్గురికి క్షయ తేలింది. పదిరోజుల కిందట అతను ఆమెను కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. "మనోళ్లే గద బిడ్డా. పేర్లు రాసియ్యి, పాలు గుడ్లు ఇప్పిస్త" అన్నాడు. వలస వచ్చిన పరాయి రాష్ట్రంలో సొంత యాస చెవిన పడేసరికి మల్లిక కరిగిపోయింది. రోగి పేరు బయటపెట్టకూడదని నర్సు చదువులో మొదటి నెలలోనే నేర్పారు. యాస ఒకటైనంత మాత్రాన సేటూ కూలీ ఒకటి కారని మాత్రం ఎవరూ నేర్పలేదు.

రోగం ఎక్కడి నుంచి వచ్చిందో సేటుకు తెలియక కాదు. దారం చుట్టిన కండె మార్చినప్పుడల్లా, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కంట్లోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. షిఫ్టు మారితే అదే నాడె ఇంకొకరి నోటికి. చిన్న కొక్కెం ఉంటే నోరు పెట్టే పనే లేదు, కానీ కొక్కెంతో ఆలస్యమట. కిటికీలు తెరిస్తే దారం తెగుతుందట. అందుకని మూసిన షెడ్డులో ఒకరి ఊపిరి ఇంకొకరు పీల్చుకుంటూ నేస్తారు. సాంచాల మోతలో ఎవరి దగ్గూ వినపడదు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ మూల నుంచి ఈ మూల దాకా వినపడుతుంది.

ఆ రోజు నుంచి మల్లికకు తలుపులు మూసుకున్నాయి. ఆమె కనపడితే జనం దగ్గును మింగేవారు. "మాకేం లేదు, పో అక్కా" అనేవారు. డబ్బీలు ఎలా పట్టుకెళ్లిందో అలాగే ఖాళీగా తిరిగొచ్చేవి.

అంకుశం ఊరి బయట కాల్హేర్ గోదాముల్లో లారీలకు మాల్ ఎక్కించే పనిలో చేరాడు. గోలీలు చూస్తే అక్కడా గెంటేస్తారని మందు ఆపేశాడు.

"అన్నా, ఆరు నెలలు మింగితే బతుకుతవు" అని మల్లిక బతిమాలింది.

"మింగుకుంట ఇంట్ల కూసుంటే మమ్ముల ఎవలు సాదుతరు చెల్లె?" అన్నాడు. 

నెలన్నర తిరిగేసరికి రెండు లారీల మధ్య రక్తం కక్కుకుని పడిపోయాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

మూడో రోజు పొద్దున కూలీలుండే ఖోలీల ముందు జనం చేరారు. అంకుశం భార్య ఓదెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెది అదే కార్ఖానాలో కండెలు చుట్టే పని. మల్లికను చూడగానే లేచింది.

"నా పెనిమిటిని రోగం సంపలె. నీ కాయితం సంపింది."

మల్లిక తల వంచుకోలేదు. "అవు వదినె. నేనే రాసిచ్చిన. తప్పు నాదే. గని మందు బంద్ చేస్తే మిగిలినోళ్లు గూడ గట్లనే పోతరు. గందుకే తిట్లు పడనీకి వచ్చిన."

"డబ్బీల ఉమిస్తే నౌకరీ పోతది. ఉమియ్యకుంటే పానం పోతది. మేమేం జెయ్యాలె?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఊళ్లో గుంట భూమి లేదు, ఇక్కడ సాంచా తప్ప వేరే దారి లేదు.  

అందరికంటే పెద్దవాడు సిద్ధిరాములు. మెల్లగా అన్నాడు: "మూడు పేర్లుండె, ముగ్గురిని ఎల్లగొట్టిండు. అందరం డబ్బీల ఉమిసి నలభై పేర్లుంటే సాంచాలు ఎవడు నడుపుతడు? సేటు నడుపుతడా?"

"అందరిని ఎల్లగొట్టి కొత్తోళ్లను తెస్తడు కాకా" అన్నాడొకడు.

"తేనియ్యి. ఆళ్లు గూడ గదే నాడె పీల్చాలె గదా. ఆళ్లకు గూడ చెప్దాం."

భయం పోలేదు. అయినా ఆ మధ్యాహ్నం షిఫ్టుకు అందరూ కలిసే కార్ఖానాకు వెళ్లారు, డబ్బీలతో మల్లికా వెంట నడిచింది.

మల్లికకు దారిలోనే పై అధికారి ఫోన్ వచ్చింది. ఆమె రోగుల పేర్లు దాస్తోందని సేటు ఫిర్యాదు చేశాడట. పరీక్షల రిజిస్టరు అతనికి చూపించాలి, లేకపోతే రేపటి నుంచి డ్యూటీకి రానక్కర్లేదు.  తండ్రి పోయాక ఆ ఇంటికి ఆమె నౌకరీయే ఆధారం. "రోగి పేరు ఇంకోసారి ఇయ్య సార్" అని ఫోన్ పెట్టేసింది.

సిద్ధిరాములు తన సాంచా ఆపాడు. పక్కది ఆగింది. ఒక్కొక్కటిగా షెడ్డు మొత్తం ఆగిపోయింది. అప్పుడు వినపడింది దగ్గు. ఈసారి ఎవరూ మింగలేదు.

సేటు ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చాడు. "ఏంది లఫ్డా? సాంచాలు ఎవడాపిండు?"

"కిటికీలు తెరువు. నాడెకో కొక్కెం ఇయ్యి. బిమారి ఉన్నోడు మందు మింగుకుంట ఈడనే పని జేస్తడు. ఎల్లగొట్టిన ఇద్దరిని వాపస్ పిలువు" అన్నాడు సిద్ధిరాములు.

"పోలీసుల పిలుస్త."

"పిలువు సేటూ. ఆళ్లకు గూడ డబ్బీలు ఉన్నయి" అంది మల్లిక. ఒక డబ్బీ అతని ముందు చాచింది. "నీది గూడ రాయనా? నువ్వు గూడ ఒకప్పుడు నాడె పీల్చినోడివే గద."

సేటు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గాడు, జేబులోంచి ఫోన్ తీశాడు.

ఓదెమ్మ వచ్చి వరుసలో మొదట నిలబడింది. వెనక వరుస గేటు దాకా సాగింది. మల్లిక రిజిస్టరు తెరిచింది. రేపు ఆ పుస్తకం తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు.

"ముందుగాల అంకుశం పేరు రాయి" అంది ఓదెమ్మ.

"ఆయన లేడు గద వదినె."

"లైన్ల ఆయనే ముందుండె బిడ్డా. రాయి. ఆయన కింద నా పేరు రాయి."

మల్లిక రాసింది. గేటు బయట పోలీసు జీపు ఆగిన చప్పుడైంది. వరుసలోంచి ఎవరూ కదల్లేదు. ఓదెమ్మ డబ్బీ మూత తీసింది.