టీకి వెళ్లే కంప్యూటరు

ప్రభుత్వ ఆఫీసుల వెబ్‌సైట్లు జనానికి ఎంత త్వరగా, ఎంత తెలిసేలా జవాబిస్తున్నాయో చూసి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. పద్దెనిమిదేళ్లలో ఒక్క దొంగ మార్కు వేయలేదు. అందుకే ఆమెకు స్నేహితులు తక్కువ.

ఈసారి చిరునామాలు మార్చే ఆఫీసు అందరినీ మించిపోయింది. జవాబులన్నీ కంప్యూటరే ఇస్తుందని ఆ ఆఫీసు చెప్పుకుంటుంది. దరఖాస్తు పెట్టిన ఆరు నిమిషాలకే జవాబు. అదీ ఎదురుగా కూర్చుని చెప్పినట్టు: "ఇంటి నంబరు రాయడం మరిచారు. కంగారు పడకండి, అదొక్కటి పంపితే చాలు."

"మొదటి ర్యాంకు దానిదే. సంతకం పెట్టెయ్యమ్మా," అన్నాడు ఆమె పైఅధికారి.

"ఆగండి సార్. రోజూ పదకొండూ పది నుంచి పదకొండున్నర దాకా ఒక్క జవాబూ లేదు. కంప్యూటరు టీకి వెళ్తుందా?"

తేల్చుకోవడానికి తనే వెళ్లింది. అక్కడి అధికారి చల్లటి గదిలో మినుకుమినుకుమనే పెట్టెలు చూపించి, "అంతా యంత్రమే మేడమ్," అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు కొందరికి కనురెప్ప కూడా అదరదు.

పదకొండూ పది అయింది. మెట్ల కింద తలుపు తెరుచుకుంది. ఫ్లాస్కు పట్టుకుని ఒక పెద్దావిడ బయటికొచ్చింది. ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తిన ఇంకొకటి. వెనక తెర మీద సగం రాసిన జవాబు: "కంగారు పడకండి..."

ఆమెకు నవ్వాగలేదు. "యంత్రం మీరేనా పిన్నీ?"

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "కొన్న యంత్రం మొదటి రోజే మొరాయించిందమ్మా. జనం ఎదురుచూస్తున్నారు కదా అని నేనే మొదలుపెట్టా. మూడేళ్లయింది. మార్కులు వేయడానికి వచ్చింది నువ్వేగా, ఇది రాశావంటే నా కుర్చీ పోతుంది తల్లీ."

"రోజుకి ఎన్ని?"

"నూట నలభై. నడుం సాయం పడితే నూట యాభై."

"విసుగు రాదా?"

"రాకేం! ఇంటి నంబరు మరిచినవాడి మీద విసుక్కుంటే, వాడు వీధి పేరు కూడా మరిచిపోతాడు."

నిజం రాస్తే ఈవిడ కుర్చీ పోతుంది. దాస్తే తన పద్దెనిమిదేళ్ల మాట నీటి మీద రాతవుతుంది. మెట్ల మీదే కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ తాగుతూ ఆమె నివేదిక రాసింది.

"యంత్రానికి సున్నా. సేవకు నూటికి నూరు. యంత్రం కొనేముందు ప్రతి ఆఫీసువారూ ఈ మెట్ల కింద గదిలో నెల రోజులు కూర్చోవాలి. ఈవిడ్ని కుర్చీ లోంచి లేపిన రోజు ర్యాంకు రద్దు."

ర్యాంకు మీద కన్నున్న అధికారికి కుర్చీ మీద చెయ్యి వేసే ధైర్యం రాలేదు. నెల తిరిగేసరికి పెద్దావిడకు పెద్ద కిటికీ ఉన్న చల్లటి గది, ఇద్దరు సహాయకులు వచ్చారు. మినుకుమినుకుమనే పెట్టెలు మెట్ల కిందికి చేరాయి.

ఇప్పుడు రోజూ పదకొండూ పదికి వెబ్‌సైటు మీద ఒక మాట కనిపిస్తుంది: "టీకి వెళ్లాం. ఇరవై నిమిషాల్లో వస్తాం. కంగారు పడకండి."

దాని మీద ఇంతవరకు ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. ఇరవై నిమిషాలు మరీ తక్కువట.