రిజిస్టరులో అక్క పేరు

ఆ ఆరోగ్య కేంద్రంలో అందరూ ఆమెను బొమ్మలక్క అనేవారు. పదిహేడేళ్ళుగా కుటుంబ నియంత్రణ సలహాలిచ్చే గదిలో ఆమెదే కుర్చీ. గోడకు రంగు బొమ్మల పటాలు, బల్ల మీద ప్లాస్టిక్ గర్భసంచి నమూనా, పక్కన ట్రేలో మాత్రల అట్టలు, కాపర్-టీ, కండోమ్ ప్యాకెట్లు. చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి స్కేలు. "ఇదిగో, ఇక్కడ పెడతారు. ఉందన్న సంగతే మర్చిపోతారు" అంటూ ఆమె చూపిస్తుంటే, తలవంచుకుని వచ్చిన ఆడవాళ్ళు కూడా కాసేపటికి మెడలు చాచి చూసేవారు. ఎదుటివాళ్ళ సిగ్గు పోగొట్టడమే తన ఉద్యోగమని ఆమె నమ్మకం. తనకూ అంత సిగ్గు ఉందని మాత్రం నలభై రెండో ఏట గానీ తెలియలేదు.

నెలసరి తప్పి పదకొండు రోజులైంది.

మొదటి మూడు రోజులూ పని ఒత్తిడి అనుకుంది. ఆ తర్వాత వయసు అనుకుంది. ఏడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే కడుపులో తిప్పినట్టయింది. ఆ రోజు కేంద్రంలో ఒక కొత్త పెళ్ళికూతురికి మాత్రలు ఎలా వేసుకోవాలో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. "తర్వాతేంటి మేడమ్?" అని ఆ పిల్ల అడిగేదాకా ఎక్కడ ఆపిందో ఆమెకే తెలియలేదు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. పెద్దది కాలేజీలో చేరింది, చిన్నవాడు ఏడో తరగతి. వాడు పుట్టాక కొన్నేళ్ళు ఆమె మాత్రలు వేసుకుంది. తర్వాత ఒకవైపు తలనొప్పి మొదలైంది. నొప్పి వచ్చేముందు కళ్ళ ముందు వెలుగు గీతలు మెరిసేవి. అలాంటివాళ్ళు ఆ మాత్రలు వేసుకోకూడదని అందరికీ చెప్పే మనిషి కాబట్టి తనంతట తానే మానేసింది. కాపర్-టీ వేయించుకుందామంటే, అసలే నెలనెలా మూడో రోజుకి మంచం పట్టేంత రక్తస్రావం. ఇంకా ఎక్కువైతే? ఇక కండోమ్‌లు. కేంద్రంలో తీసుకుంటే స్టాకు రాసే అమ్మాయికి తెలుస్తుంది. వీధి చివర మందుల షాపులో అడిగితే "ఏం మేడమ్, మీ దగ్గరే అయిపోయాయా?" అంటాడేమో! భర్త తెస్తానని రెండుసార్లు తెచ్చాడు, మూడోసారి మర్చిపోయాడు, ఆమె గుర్తుచేయలేదు. మగవాళ్ళ ఆపరేషన్ మాట ఆమె నోటి నుంచి ఆ ఇంట్లో ఎన్నడూ రాలేదు. "మీ ఆయన్ని అడుగు తల్లీ, మొహమాటం దేనికి?" అని వందల మందికి చెప్పిన నోరు అది.

పరీక్ష కిట్టు కొని ఇంట్లోనే చూసుకోవచ్చు. కానీ నలుగురికీ ఒకటే బాత్రూమ్. చెత్తబుట్ట బయట ఖాళీ చేసి వచ్చేది కూతురు. ఆ పిల్ల కంట్లో కిట్టు పడడం తలుచుకుంటేనే ఆమెకు చెమటలు పట్టాయి.

నిజంగా ఉంటే ఏం చెయ్యాలన్నది ఇంకా పెద్ద భయం. ఉంచుకుంటే, బిడ్డ బడికి వెళ్ళే వేళకి తనకు యాభై దగ్గర పడతాయి. వద్దనుకుంటే, తెలిసినవాళ్ళ ముందే బల్ల ఎక్కాలి. "అది నీ నిర్ణయం, నీ ఇష్టం" అని ఎంత తేలిగ్గా అనేసేదో గుర్తొచ్చింది. అలా అనిపించుకున్నవాళ్ళు గది బయటికి వెళ్ళి ఎక్కడ కూర్చుని ఏడ్చారో ఆమె ఏనాడూ చూడలేదు.

పదమూడో రోజు సగం రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివర ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి పేరడిగింది. బొమ్మలక్క నీళ్ళు నమిలి, తన అక్క పేరు చెప్పింది. వయసు మాత్రం తనదే చెప్పింది.

వరండాలో పొడుగాటి బెంచీ. పదిమంది దాకా ఆడవాళ్ళు. చివర చోటు చూసి కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నేల మీద గచ్చు గళ్ళు చూస్తూ ఉంది.

"అక్కా! బొమ్మలక్కా! మీరేంటి ఇక్కడ?"

తలెత్తి చూసి, బ్యాగు గట్టిగా పట్టుకుంది. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి. ముంజేతి మీద పాత కాలిన మచ్చలు. రెండేళ్ళ క్రితం మూడోసారి వద్దనుకున్న గర్భంతో కేంద్రానికి వచ్చింది. ఆ రోజు బొమ్మలక్క ఏ చిరాకు మీదుందో, వరండా అంతా వినేలా కడిగేసింది. "మాత్రలిచ్చాను, బొమ్మలు చూపించాను, ఇంకెన్నిసార్లు చెప్పాలి? చెవిన వేసుకుంటే కదా! చంటిపిల్లవా నువ్వు?" అంది. బయట కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు కూడా.

"ట్రైనింగ్ ఉంటే వచ్చాను" అంది బొమ్మలక్క.

"అలాగా! ఇక్కడా మీరే చెబుతారా?" అంటూ ఆమె సంబరంగా పక్కకు జరిగి కూర్చుంది.

ఈలోగా తలుపు తెరుచుకుని నర్సు ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. బొమ్మలక్క కూడా అందరిలాగే అటూ ఇటూ చూసింది, ఎవరబ్బా ఈ పలకని మనిషి అన్నట్టు. మూడోసారికి నర్సుకు ఓపిక పోయింది.

"ఎవరమ్మా? నలభై రెండేళ్ళు, డేటు దాటి పదమూడు రోజులు, యూరిన్ టెస్టు! ఇక్కడే ఉన్నారా, వెళ్ళిపోయారా?"

అప్పుడు గుర్తొచ్చింది, అది తన అక్క పేరని.

బ్యాగు పట్టుకుని మెల్లగా లేచింది. బెంచీ మీద అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి. ఇస్త్రీ ఆమె ఒక్కతే చూడలేదు. చప్పున తల తిప్పుకుని, సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు చేతులు పెట్టింది. ఆ తల తిప్పుకోవడం దగ్గరే బొమ్మలక్కకు తల కొట్టేసినట్టయింది. నవ్వి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

నర్సు చిన్న డబ్బా చేతిలో పెట్టి బాత్రూమ్‌లోకి పొమ్మంది. బయటికొచ్చాక డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతే, వెనక నుంచి ఇస్త్రీ ఆమె మెల్లగా అంది: "ఆ కిటికీ దగ్గర ట్రే ఉంది చూడండక్కా. మూత గట్టిగా పెట్టండి, లేకపోతే ల్యాబు అబ్బాయి విసుక్కుంటాడు."

ఫలితానికి అరగంట పడుతుందన్నారు. ఇద్దరూ వరండా అవతల కిటికీ దగ్గర నిలబడ్డారు.

"నువ్వు మా దగ్గరికి రావడం మానేశావు" అంది చివరికి బొమ్మలక్క.

"ఇక్కడికే వస్తున్నానక్కా. మూడు నెలలకోసారి ఇంజెక్షను."

"నేను తిట్టాననేగా?"

"తిట్టారని కాదక్కా, మా అమ్మ అంతకంటే ఎక్కువే తిట్టేది. అందరూ విన్నారని." ఆమె మచ్చలున్న చేతిని రుద్దుకుంది. "ఆ మాత్రలు మా అత్త పారేసేదక్కా. పిల్లలు ఆగిపోతారని. దిండు గలీబులో దాచినా పట్టేసేది. డ్యూటీలో దాచుకుంటే సెలవు రోజు వేసుకోవడం కుదిరేది కాదు. అది చెబుదామనే ఆ రోజు వచ్చాను. ఇంజెక్షనైతే దాచక్కర్లేదు కదా అని అడుగుదామని."

ఇంజెక్షను గురించి చెప్పే పటం బొమ్మలక్క కుర్చీకి సరిగ్గా వెనకే ఉంటుంది. ఆ రోజు 'మాత్రలు ఎందుకు కుదరలేదు?' అని ఒక్క మాట అడిగి ఉంటే, చెయ్యి చాచి చూపించాల్సిన పటం అది.

"తప్పు చేశాను. అలా అనకుండా ఉండాల్సింది" అంది.

"పోనీలెండక్కా" అందామె. కోపమూ లేదు, క్షమించేశానన్న గొప్పా లేదు. వర్షం పడి వెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. దానితో బొమ్మలక్క మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా కుంచించుకుపోయింది. తన పేరు పిలవగానే ఇస్త్రీ ఆమె లోపలికెళ్ళి, ఇంజెక్షను చేయించుకుని, డ్యూటీకి టైమైందంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ "ఏమీ ఉండదులెండి" అని భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరమ్మ పెద్దావిడ. కళ్ళజోడు పైనుంచి చూసి, "గర్భం లేదు. అయినా వారం ఆగి, రాకపోతే పొద్దున మొదటి యూరిన్‌తో మళ్ళీ చూద్దాం. ఈ వయసులో నెలలు అటూ ఇటూ అవుతుంటాయి. సరే, ఏం వాడుతున్నారు?" అంది.

"ఏమీ లేదండీ. జాగ్రత్తగా ఉంటాం."

అన్నాక ఆ మాట చెవిన పడింది. రోజుకి పదిమంది తన ముందు కూర్చుని అనే మాట. విన్నప్పుడల్లా స్కేలు బల్ల మీద కొట్టి, "ఆ జాగ్రత్తకి ఏం పేరు పెట్టారమ్మా, బాబా పాపా?" అని నవ్వించేది తను.

డాక్టరమ్మ నవ్వలేదు. తలనొప్పి గురించి, రక్తస్రావం గురించి అడిగి రాసుకుంది. "మామూలు మాత్రలు మీకు వద్దు. రాగి తీగ ఉన్న కాపర్-టీ కాకుండా హార్మోను ఉన్న లూప్ ఉంది, దానితో రక్తస్రావం తగ్గుతుంది. పరీక్ష చేసి వేద్దాం. లేదా ఇక పిల్లలు వద్దనుకుంటే మీ ఆయనకి చిన్న ఆపరేషను. అడిగారా ఆయన్ని?"

"అడుగుతాను."

"అంటే అడగలేదన్నమాట" అంటూ ఆవిడ కాగితం చింపి ఇచ్చింది. కాగితం మీద అక్క పేరు. బొమ్మలక్క ఆ కాగితం తిరిగి బల్ల మీద పెట్టింది. తర్వాత, "ఇది నా పేరు కాదండీ" అని చెప్పేసింది. డాక్టరమ్మ ఏమీ అడగకుండా కొట్టేసి, అసలు పేరు రాసింది.

ఆదివారం పొద్దున మేడ మీద భర్త దుప్పటి రెండో కొస పట్టుకుని పిండుతున్నాడు. పిల్లలు కింద ఉన్నారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకుని మొత్తం చెప్పేసింది. బస్సులు, అబద్ధపు పేరు, డబ్బా, అన్నీ.

అతను దుప్పటి వదల్లేదు. "ఒక్కదానివే వెళ్ళావా? నేనేమన్నా పరాయివాణ్నా?"

"మీకెలా చెప్పను? ఊరందరికీ చెప్పేదాన్ని, నాకే ఇలా అయిందంటే..."

అతను దుప్పటి తీగ మీద వేసి, దాని అవతల నిలబడి, మొహం కనపడకుండా అన్నాడు: "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళు మడుస్తుంటే చూశాను. రెండుసార్లు. అడుగుదామనుకున్నాను. అడిగితే నేనూ ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది కదా అని... ఊరుకున్నాను."

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దుప్పటి వెనక ఆ గొంతు ఎంత చిన్నబోయిందో విన్నాక ఆ కోపం పూర్తిగా పైకి రాలేదు.

"ఆ ఆపరేషన్ నొప్పి పుడుతుందా?" అన్నాడు.

"తిమ్మిరి మందు ఇస్తారు. పావుగంట. రెండు రోజులు విశ్రాంతి, వారం బరువులెత్తకూడదు."

"తర్వాత... అంతా మామూలేనా?"

"అంతా మామూలే. మూడు నెలల దాకా మాత్రం నమ్మకం లేదు. పరీక్ష చేసి చెప్పేదాకా కండోమ్ వాడాలి." పదిహేడేళ్ళుగా చెబుతున్న మాటలే. కానీ చెమట పట్టిన అరచేతులతో చెప్పడం ఇదే మొదలు.

"అయితే కొనుక్కొస్తాను. ఈసారి మర్చిపోను" అన్నాడతను, ఇంకా దుప్పటి వెనక నుంచే.

ఇరవయ్యో రోజు, కేంద్రంలో పనిలో ఉండగా, నెలసరి వచ్చింది. బాత్రూమ్ గోడకి ఆనుకుని ఆమె కాసేపు ఏడ్చింది. అది సంతోషమేనని తనకు తాను చెప్పుకుంది గానీ, పూర్తిగా సంతోషం కాదు. మొహం కడుక్కుని గదిలోకి వచ్చేసరికి ఎవరో ఇల్లాలు కూర్చుని ఉంది. మాత్రలు రెండు రోజులు మర్చిపోయిందట. బొమ్మలక్క స్కేలు తీసుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "ఎందుకు కుదరలేదమ్మా?" అని అడిగింది.

ఆ తర్వాతి నెలలో భర్త ఆ డాక్టరమ్మ ఉన్న ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంటికొచ్చి సోఫాలో వాలి, టీవీ రిమోట్ కడుపు మీద పెట్టుకుని, "ఎవరైనా అడిగితే నడుం పట్టిందని చెప్పు" అన్నాడు.

సాయంత్రం పక్కింటావిడ వచ్చింది, అన్నయ్యగారు పనికి వెళ్ళలేదేమని. బొమ్మలక్క తలుపు దగ్గరే నిలబడి, "నడుం పట్టేసింది వదినా, బరువు ఎత్తారు" అంది. అంత సులువుగా అబద్ధం వచ్చేసినందుకు చెవులు వేడెక్కాయి.

పక్కింటావిడ లోపలికి తొంగి చూసింది. సోఫాలో కాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసింది.

"మా ఆయనకీ మూడేళ్ళ కిందట ఇలాగే నడుం పట్టింది" అంది మెల్లగా. "చల్లటి గుడ్డ పెట్టండి. రెండు రోజుల్లో లేచి తిరుగుతారు."

ఇద్దరూ గడప వైపే చూస్తూ నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.