కోతికి రాని మూత

నేను ఒక స్టీలు డబ్బాను. పోపు గింజలు పోసుకునే మామూలు డబ్బాను కాను. నా మూత లోపల రబ్బరు చుట్టు ఉంది, రెండు పక్కలా కొక్కేలున్నాయి. మూసి కొక్కేలు నొక్కితే నీటి చుక్క లోపలికి రాదు, చీమ రాదు, గాలి కూడా రాదు. ఈ మాట గొప్పగా చెప్పుకుని తిరిగిన రోజులున్నాయి. ఇప్పుడు చెబుతుంటే నాకే భయం వేస్తోంది.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పలకగా ఉన్న రేకును అచ్చు కింద పెట్టి ఒక్క దెబ్బ కొడితే నా ఒళ్లు వచ్చింది. మూత బిగించాక మమ్మల్ని నీళ్ల తొట్టిలో ముంచి చూసేవాళ్లు. బుడగ వచ్చిందా, ఆ డబ్బా పనికిరానట్టే. నా నుంచి ఒక్క బుడగా రాలేదు. ఆ తొట్టిలోంచి తీసినవాడు నన్ను తట్టి మరీ పక్కన పెట్టాడు.

నన్ను మొదట కొన్నవాడు శ్రీహాస్ అనే కంప్యూటరు ఉద్యోగి. అతనికి ఒక ఆట పిచ్చి. ఎక్కడో కొండల్లో డబ్బా దాచి, ఆ చోటు గుర్తును ఫోన్లో పెడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ గుర్తు పట్టుకుని వచ్చి వెతుక్కుంటారు. అందుకోసం అతను ప్లాస్టిక్ డబ్బా, గాజు సీసా, నన్ను వరసగా పెట్టి పరీక్షలు చేశాడు. బకెట్లో ముంచాడు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించాడు, మేడ మీది నుంచి కింద పడేశాడు. పెళ్లి సంబంధం చూసేటప్పుడైనా మనుషులు ఇంత జాగ్రత్త పడతారో లేదో నాకు తెలియదు. నేనే గెలిచాను. చిన్న చీటీ, పెన్సిలు, నాలుగు కీచైన్లు నాలో పెట్టి, ఎర్రబండ గుట్ట మీద ఒక బండ సందులో దాచిపోయాడు.

కొన్నాళ్లు మనుషులు వచ్చారు. దొరికానని కేకలు పెట్టారు, ఫోటోలు దిగారు, మళ్లీ దాచారు. తర్వాత ఎవరూ రాలేదు. ఆట పాతబడింది కాబోలు. ఎండలు, వానలు మాత్రం తప్పకుండా వచ్చాయి.

నన్ను వెతక్కుండానే కనుక్కున్న మనిషి నవనీత. గుట్ట కింది ఊరు వాళ్లది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. తండ్రి బీరయ్యకు సద్ది తెచ్చి, ఆ బండ నీడన కూర్చుని, సందులో మెరుస్తున్న నన్ను బయటికి లాగింది.

బీరయ్య గొర్రెల కాపరి. వానాకాలంలో గుట్ట కింది చేలన్నీ పంటతో ఉంటాయి కనుక మందను గుట్ట మీదికి తోలుకురావాలి. ఆ చలిగాలి, తడిసిన ఉన్ని వాసన అతనికి పడవు. ఊపిరాడక దమ్ము లేస్తుంది. డాక్టరు ఇన్‌హేలర్ రాసిచ్చాడు, ఇంట్లో దాన్ని పంపు అంటారు. కొమ్మలు వంచి గొర్రెలకు ఆకు రాల్చేటప్పుడు అది జేబులోంచి జారి పొదల్లో పడిపోతుంది. తాడు కట్టి మెడలో వేసుకోమంటే, తోటి కాపరులు నవ్వుతారని వినడు. పోయిన ఏడు ఇదే గుట్ట మీద ఊపిరాడక పడిపోతే నలుగురు మోసుకుని దించారు. ఆనాటి నుంచి నవనీతకు కాలేజీలో కూర్చున్నా మనసు గుట్ట మీదే.

"నాయినా, ఇగ జూడు. ఈ డబ్బ ఎప్పటిసంది ఉన్నదో గని, లోపట కాయితం గూడ తడ్వలే. దీంట్ల ఒక పంపు పెట్టి ఈడ్నే దాస్త. నీ జేబుల పంపు పోయినా ఇది ఉంటది."

"మంచిగనే ఉన్నది గని బిడ్డా, కోతులు ఊకుంటయా? మొన్న నా సద్ది డబ్బ తీసి, పప్పంత నాకి, మూత మల్ల పెట్టి పోయినయ్."

"మూత పెట్టే తెలివి మా అన్నకే లేదు నాయినా!"

బీరయ్య నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

ఆమె కూడా నన్ను పరీక్షించింది. నాలో బెల్లం ముక్క వేసి బండ మీద పెట్టి దూరంగా కూర్చుంది. కోతులు వచ్చి కొరికాయి, దొర్లించాయి, నా మీదెక్కి గెంతాయి. వాటివల్ల కాలేదు. నవనీత చప్పట్లు కొట్టింది. నాకూ గర్వమే.

ఒక మిట్టమధ్యాహ్నం నన్ను బండ మీద పెట్టి, ఇన్‌హేలర్ లోపల ఉంచింది. ఎండకు నేను కాలిపోతున్నాను. చున్నీ కొంగుతో పట్టుకుని మూత వేసింది, కొక్కేలు నొక్కింది, పైన సైకిలు ట్యూబు ముక్క చుట్టింది. నీడ ఉన్న సందులోకి తోసింది. ఇంటి దగ్గర నా మూత ఎన్నిసార్లో తీసి పెట్టి చూసుకుంది కానీ, ఎండలో మూసి చలిలో తీసి చూడలేదు.

వేడన్నం పెట్టి మూసిన టిఫిను డబ్బా మధ్యాహ్నానికి బిగుసుకుపోవడం మీ అందరికీ తెలుసు. నాకూ అదే జరిగింది. ముసురు పట్టింది. బండ చల్లబడింది, నేను చల్లబడ్డాను. లోపలి గాలి ముడుచుకుని మూతను తన వైపు లాక్కుంది. బయటి గాలి ఎంత తోసినా నా రబ్బరు చుట్టు సందు ఇవ్వలేదు.

ఆ ముసురులోనే బీరయ్య వచ్చాడు. నడిచి రాలేదు, బండలు పట్టుకుని పాకుతూ వచ్చాడు. జేబు తడుముకున్నాడు. ఖాళీ. ఛాతీలోంచి ఈల వస్తోంది. నన్ను బయటికి లాగి ట్యూబు ముక్కను పళ్లతో తెంపాడు. కొక్కేలు వచ్చాయి. మూత రాలేదు.

"రావే... రావే తల్లీ..."

గోళ్లు దూర్చి లాగాడు. గోరు చీలి నెత్తురొచ్చింది. రెండు మోకాళ్ల మధ్య నొక్కిపట్టి లాగాడు. ఊపాడు. లోపల ఇన్‌హేలర్ నా గోడకు టక్కు టక్కున తగులుతోంది. ఆ చప్పుడు అతనికి వినిపిస్తోంది. మందు చేతిలోనే ఉంది, నేను అడ్డంగా ఉన్నాను. తెరుచుకోవాలని నేను ఎంత కోరుకున్నా నా చేతుల్లో ఏముంది? నాకు చేతులే లేవు. పగలగొట్టు బీరయ్యా, నన్ను పగలగొట్టు అని నా రేకంతా మొత్తుకుంది.

అతను బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత మాట ఆగిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. గొర్రెలు చుట్టూ నిలబడి చూస్తున్నాయి.

చెయ్యి ఒక రాయిని అందుకుంది. మొదటి దెబ్బ జారి అతని వేలి మీదే పడింది. తర్వాతి దెబ్బ నా మీద పడింది, సొట్ట పడింది, మూత కదల్లేదు. ఇంక ఆ చెయ్యి లేవదనుకున్నాను. లేచింది. ఈసారి రాయి నా అంచు మీద పడింది. అంచు వంగింది, రబ్బరు చుట్టు పక్కకు తొలగింది, సుయ్యిమని గాలి లోపలికి వచ్చింది.

ముందు ఊపిరి పీల్చింది నేను. తర్వాత అతను.

బండకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు నన్ను గొంగడిలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. నవనీత నన్ను చూసి అదిరిపడింది.

"ఏమైంది నాయినా దీనికి?"

"కోతులు బిడ్డా. రాయితోటి కొట్టినట్టున్నయ్."

బిడ్డ మనసు నొచ్చుకుంటుందని అన్నాడు. ఆ మాట ఎక్కడికి పోతుందో ఆలోచించలేదు. నేను ఆలోచించాను. గుట్ట మీద పడ్డ భయం కన్నా ఇది పెద్ద భయం. ఎందుకంటే ఆమె వెంటనే ఇలా అంది:

"రాళ్లతోటి గూడ కొడుతున్నయా! అయితె ఇంక గట్టిది తెస్త. ఎవ్వల తరం గానిది."

తెప్పించింది. మందపాటి ఇనుప పెట్టె, పైన మడిచి బిగించే మీట. చూస్తేనే నా సొట్టలు వణికాయి. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆమె దాన్ని తండ్రి ముందు పెట్టింది.

"తీసి చూడు నాయినా. కోతి జేజమ్మ దిగొచ్చినా రాదు."

బీరయ్య ఆ పెట్టెను ముట్టుకోలేదు. గొంగడి కింద దాచుకున్న చెయ్యి బయటికి తీసి ఆమె ముందు పెట్టాడు. గోరు చీలి, నలిగిన వేళ్లు.

"కోతికి రాకుంటె నాకు గూడ రాదు బిడ్డా."

నవనీత ఆ వేళ్లను చూసింది, నన్ను చూసింది. రాయి పడిన చోటును వేలితో తడిమింది. అక్కడే కూలబడి మొహం కప్పుకుంది. "ఏడ్వకు, ఉన్నగద" అంటున్నాడు బీరయ్య.

మర్నాడు ఆమె వంటింట్లోని డబ్బాలన్నీ కింద పరిచింది. ఒక్కొక్కదాన్ని ఎండలో కాల్చి మూసి, చన్నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని, ముక్కు గట్టిగా పట్టుకుని, ఎడమచేత్తో తీసి చూసింది.

"ఏం పిచ్చి లేసిందే నీకు?" అంది తల్లి సత్తెమ్మ.

నవనీత ఊపిరి వదిలి, "నువ్వు గూడ చూడు అవ్వా, ముక్కు పట్టుకోని తియ్యి" అంది. సత్తెమ్మ ఒకటి పట్టుకుంది. రెండో డబ్బాకే కళ్లనీళ్లు పెట్టుకుని పక్కన పెట్టేసింది.

చివరికి వదులు మూత ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఎంచుకున్నారు. వాన తగలకుండా బోర్లించి సందులో పెడతారు. దాన్ని కోతులు ఎత్తుకుపోతూనే ఉన్నాయట. పోయినప్పుడల్లా నవనీత గుట్టెక్కి ఇంకొకటి పెట్టి వస్తోంది.

నేను దొడ్డి మూలన, విరిగిన బకెట్ల కుప్పలో ఉన్నాను. నాలో వాన నీళ్లు నిలిచాయి, చీమలు తిరుగుతున్నాయి. పాత సామాను కొనేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు. వానాకాలం ఇంకా అయిపోలేదు. పొద్దుగూకే వేళ గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దొడ్డిలోకి వస్తాయి. వాటి అరుపులు సద్దుమణిగేదాకా నాకేమీ తెలియదు. అన్నీ లోపలికి వచ్చాక, అన్నిటికన్నా వెనక, తడిక దగ్గర ఒక దగ్గు వినిపిస్తుంది. ఈరోజు ఇంకా వినిపించలేదు. గొర్రెలు ఇంకా వస్తూనే ఉన్నాయి.