కింది గదిలో దుప్పట్లు

ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికి పంపే లాండ్రీలో ఆమె పదకొండేళ్లుగా ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేసింది. తడి దుప్పటి ఒక పక్క పెడితే రెండో పక్క కాగితంలా బయటికొస్తుంది. వేళ్లు దగ్గరికొస్తే రోలరును ఆపేసే కడ్డీ ఒకటి ముందు ఉండేది. మాటిమాటికీ యంత్రం ఆగిపోతోందని దాన్ని ఊడదీయించారు. మూడు వారాలకు ఆమె కుడిచెయ్యి దుప్పటితో పాటే లోపలికి పోయింది.

మూడు వేళ్లు ఉన్నాయి గానీ ఉన్నట్టు తెలియవు. పొయ్యి మీది గిన్నె పట్టుకున్నా వేడి తగలదు. "మసిగుడ్డతో పని లేదిక" అందోసారి. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నష్టపరిహారానికి లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టిన వారమే ఆమెను రోలర్లుండే పై హాల్లోంచి తీసి కింది గదిలో వేశారు. కిటికీ లేదు. చిరిగిన దుప్పట్లను రంగుల వారీగా వేరుచేయాలి. సాయంత్రం ఎవరో వచ్చి కుప్పలన్నీ ఒకే బండిలో కలిపేసేవారు. పొద్దున మళ్లీ అవే దుప్పట్లు. మూడు నిమిషాలు ఆలస్యమైందని ఒక మెమో, బాత్రూంలో ఎక్కువసేపు ఉందని ఇంకొకటి. భోజనాల దగ్గర పక్కన కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే బల్ల మార్చారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనని ఆమెకు తెలుసు. కోపం రావాలనీ తెలుసు. రాలేదు. ఇచ్చిన పని చేస్తూ పోయింది.

హాలు సూపర్‌వైజరు ఆమె మరిదే. ఒకప్పుడు ఆమే తీసుకెళ్లి చేర్పించింది. లెక్కలు రాయడం వచ్చినవాడు కాబట్టి పైకెళ్లాడు. ఓ ఆదివారం ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

"వదినా, మేనేజరు ఒక కాగితం రాసిమ్మంటున్నాడు."

"ఏమని?"

"కడ్డీ ఉందని. నువ్వే దాని మీంచి చెయ్యి పెట్టావని."

ఆమె భర్త దిగ్గున లేచాడు. "దాన్ని ఊడదీసింది నువ్వే కదరా!"

"తియ్యమన్నారు, తీశాను అన్నయ్యా. ఇప్పుడు రాయమంటున్నారు. కాదంటే నన్నూ కిందికి తోస్తారు. పిల్లలు గలవాణ్ణి."

"మాకు లేరా పిల్లలు?"

"రాసెయ్" అందామె. ఇద్దరూ ఆమె వంక చూశారు. "నువ్వు కాకపోతే ఇంకొకడు రాస్తాడు. నేను మాత్రం దరఖాస్తు వెనక్కి తీసుకోను."

భర్త దాన్ని ధైర్యమనుకున్నాడు. వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ ఆ ఆఫీసుకు అంత దూరం వెళ్లాలి, మళ్లీ సంతకం పెట్టాలి. ఎడమచేత్తో సంతకం నేర్చుకోవడానికే ఆమెకు నెల పట్టింది. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

విచారణ రోజు మరిది కాగితం గడగడా చదివేశాడు. కళ్లజోడు పెట్టుకున్న అధికారిణి అంతా విని, "కడ్డీ ఉంటే రోలరు ఆగాలిగా. ఎందుకు ఆగలేదు?" అని అడిగింది.

అతను మేనేజరు వైపు చూశాడు. కాగితం తిరగేసి చూశాడు. అందులో దానికి జవాబు రాసి లేదు.

"ఆ రోజు..." అని ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కడ్డీ లేదండీ. నేనే తీశాను. తియ్యమంటేనే తీశాను."

మేనేజరు కుర్చీ కిర్రుమంది. ఆమె గోడ గడియారం చూస్తూ కూర్చుంది.

పరిహారం ఇవ్వాలనీ, చెయ్యగలిగిన పని ఇచ్చి ఆమెను హాల్లోకి తీసుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. భర్త ఆ కాగితాన్ని ఇరుగుపొరుగు అందరికీ చూపించాడు, తమ్ముడికి తప్ప. సోమవారం ఆమె పైన మడతల బల్ల దగ్గర నిలబడింది. వెలుతురుకు కళ్లు నొప్పెట్టాయి. సూపర్‌వైజరు కుర్చీలో కొత్త మనిషి. మరిదిని కింది గదికి మార్చారని పక్కనామె చెవిలో చెప్పింది. ఆ పక్కనామె తనతో మాట్లాడి చాలా నెలలైంది.

భోజనం గంట కొట్టగానే ఆమె డబ్బా తీసుకుని మెట్లు దిగింది. దుప్పట్ల మధ్య కూర్చున్న మరిది ఆమెను చూడగానే మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు.

"నా మీద కోపం లేదా వదినా?"

ఆమె వెతికి చూసుకుంది. కోపం లేదు, జాలీ తగల్లేదు. తనకూ ఏడుపు రావాలేమో అని కాసేపు ఆగింది.

"ఏమో" అంది నిజంగానే. ఎడమచేత్తో డబ్బా మూత తీసి సగం అతని ముందుకు జరిపింది. "తిను. అరగంటే ఇస్తారు."