బయమ్మ ఆరబెట్టిన పడవ

ఖాద్రి నరసింహ, కంబానఁ గలిగినట్టి
యుగ్రకోపంబు చల్లార నూరడిల్లి
బాలు శిరమునఁ గరముంచి పరవశించి
పగలు రగిలెడి యెదలలోఁ బాదుకొనుము.

కంబం చీల్చుకొని వచ్చిన స్వామి కోపమైనా ఒక బాలుని స్పర్శతో శమించింది. బిడ్డ పోయిన తల్లి కోపానికి ఆ ఉపాయం లేదు. బత్తలపల్లె దగ్గర జరిగిన ఈ కథ అటువంటి కోపానిది.

రాఘవేంద్ర పడవ లారీ మీద వచ్చిన నాడు ఊరు ఊరంతా చూడవచ్చింది. అతని అన్న బయ్యన్నకు చెందిన వేరుశనగ కళ్లంలో దానిని దించారు. రాఘవేంద్ర ఓడల యంత్రశాలల్లో చిరకాలం పనిచేసి, ఆ కొలువు చాలించుకొన్నాక పాత కొయ్యపడవ కొని అందులోనే కాపురం పెట్టినవాడు. తీరం వెంబడి తిరగడం, రేవు అనుకూలించిన చోట లంగరు దించడం, అదే అతని బ్రతుకు. బయ్యన్న, బయమ్మ దంపతుల ఏకైక కుమారుడు హర్ష చదువు ముగించుకొని, చిన్నాయన మీది మక్కువతో ఆ పడవ ఎక్కాడు.

తల్లికి ఫోను చేసినప్పుడల్లా ఆ కొత్త బ్రతుకు ముచ్చట్లే చెప్పేవాడు.

"ఈడ పడవకూ మనిషికీ లెక్క తిరగబడి ఉండాది మా. పడవ ఆరితే చస్తాది. కొయ్య ముడుచుకోని అతుకులు నోళ్లు తెరుస్తాయి. మనిషి తడిస్తే చస్తాడు. పొద్దన్నే పడవ మీద నీళ్లు చల్లాల, పండుకునేటప్పుడు కాలివేళ్ల సందులు తుడుసుకోవాల."

"తుడుసుకుంటాండావా మరి?"

"చిన్నాయన తీరిక ఇస్తే గదా," అని నవ్వాడు.

ఒకనాడు పడవ అడుగున పట్టిన గుల్లలు గీకుతుండగా హర్ష పాదం కోసుకొన్నది. వానలు ముంచుకొస్తున్నాయి, అతుకుల్లో దూది కూరి డాంబరు పూయడం ముగియగానే ఆసుపత్రికి పోదామన్నాడు రాఘవేంద్ర. హర్ష మోకాటిలోతు ఉప్పునీటిలో నిలబడి గీకుతూనే ఉన్నాడు. పడవ కొత్తదానివలె తేలింది. విషం నెత్తురుకెక్కిన హర్ష రేవు దగ్గరి ఆసుపత్రిలో కన్నుమూశాడు.

దినకర్మల నాడు ఈ సంగతి రాఘవేంద్రే ఏడుస్తూ చెప్పాడు. బయ్యన్న తమ్ముణ్ని కౌగిలించుకొన్నాడు. బయమ్మ విని, లేచి లోపలికి వెళ్లింది.

ఇప్పుడు చక్కెర జబ్బు వలన రాఘవేంద్ర పాదమే పుండుపడింది. పడవ మీద ఒంటరిగా ఉండలేక, దానిని విడిచి రాలేక, లారీకెత్తించుకొని వచ్చాడు. మంచం మీద పడుకోబెట్టగానే అతని మొదటి మాట పడవ గురించే.

"వదినా, ఎండకాలం. దినామూ గోనెసంచులు తడిపి దాని మీద కప్పాల. లేకుంటే నా పడవ దక్కదు."

"నువ్వు మంచం దిగొద్దప్పా. నీ కాలు చూసినట్లే దాన్నీ చూస్తా," అన్నది బయమ్మ.

ఆమె ఆడిన మాట తప్పలేదు. ఉదయమే కాచి చల్లార్చిన నీటితో పుండు కడిగేది. మెత్తని పాతచీర గుడ్డతో వేళ్ల సందు సందూ ఒత్తి, డాక్టరు ఇచ్చిన మందు రాసి, పొడి కట్టు కట్టేది. కొర్రన్నం మితంగా పెట్టేది. బెల్లం కాఫీ కావాలని అతడు బ్రతిమాలినా ఇచ్చేది కాదు. సాయంకాలం ఒంటరిగా కళ్లానికి వెళ్లి పడవ ప్రక్కలను చేతితో తడిమేది. తొలుత అతుకులో గోరు పట్టింది. తరువాత వేలు పట్టింది. గోనెసంచులు కొట్టంలో మడిచినవి మడిచినట్లే ఉన్నాయి.

పక్కింటి గంగక్కకు ఇది వింతగా తోచింది.

"ఏమ్మే బయమ్మా, కొడుకును పోగొట్టినోనికి ఇంత చాకిరీ జేస్తాండావే. అది గుండెనా, ఇంకేమన్ననా?"

"ఆయప్ప బాగుండాల్లే గంగక్కా. కండ్లు బాగుండాల, కాళ్లు బాగుండాల."

"ఎందుకంట?"

"నడిసిపోయి చూడనీకి."

పుండు మానింది. నడవవచ్చునని డాక్టరు చెప్పిన నాడు బయమ్మే రాఘవేంద్ర భుజం పట్టుకొని కళ్లానికి నడిపించింది. బయ్యన్న అక్కడే ఉన్నాడు. అతడు ఎరిగిన కొయ్య అంతా నాగలికొయ్య, బండికొయ్య. తమ్ముణ్ని చూడగానే గర్వంగా పడవ మీద చరిచాడు.

"చూడప్పా, ఎట్లా ఆరిందో. చెమ్మనేదే లేదు. ఇంగ చెద పట్టమన్నా పట్టదు."

రాఘవేంద్ర వంగి చూశాడు. పడవ ఈ ప్రక్క నుండి ఆవలి చేను కనబడుతున్నది. అతుకుల్లో కూరిన దూది పోగులై వ్రేలాడుతున్నది. పలకలు మెలితిరిగి మేకులు పైకి లేచాయి.

"చూస్తానంటివే వదినా."

"చూసినా. నువ్వు నీ పడవనూ నా బిడ్డ కాలినీ రెండింటినీ తడిపినావు. నేను నీ పడవనూ నీ కాలినీ రెండింటినీ ఆరబెట్టినా. నువ్వు ఒకదాన్ని బతికించినావు. నేనూ ఒకదాన్ని బతికించినా."

బయ్యన్నకు అప్పటికి బోధపడింది.

"నీళ్ల ట్యాంకరు పిలిపిస్తాలేప్పా. నానబెడదాం."

"పిలిపించు," అన్నది బయమ్మ. "నానబెడితే లేసేటట్లయితే నాకూ ఒక ట్యాంకరు చెప్పు. వాణ్ని పూడ్చిన కాడికి తోలిస్తా."

రాఘవేంద్ర పడవ అంచు మీద చేయి వేశాడు. "ట్యాంకరు వద్దన్నా," అని వదిన వైపు తిరిగాడు. "దీనికన్నా నా కాలు తీసేయించింటే బాగుండు వదినా."

"కాలెందుకు తీస్తాం? ఇంగా శానా దూరం నడవాల నువ్వు. ఈ నేల మీద."

మరునాటి ఉదయం ఆమె యథాప్రకారం కాచిన నీళ్లు, గుడ్డ తీసుకొని వచ్చింది. రాఘవేంద్ర దుప్పటిలో నుండి కాలు తీయలేదు.

"చాపు."

"మానింది గదా. ఇంకెందుకు వదినా?"

"చెమ్మ తగిలితే మళ్లా పగులుతాది. చాపు."

అతడు చాపాడు. ఆమె వేళ్ల సందు సందూ ఒత్తి తుడిచింది. ఒక్క చుక్క మిగలనీయలేదు.

ఈ కథ విన్నవారి బిడ్డల పాదాలకు ముల్లు గుచ్చుకొనకుండు గాక. గుచ్చుకొన్ననాడు చేతిలోని పని విడిచి చూచేవారు ప్రక్కన ఉందురు గాక. పగ మోసేవారికి దానిని దించుకొనే చోటు ఖాద్రీశుడు చూపు గాక.