ఆంజినమ్మ పేరిట వచ్చిన తీర్పు

గడపమీద నిలిచి కరుణతో తీర్పిచ్చి
పిలిచినట్టివాని బెంగ తీర్చి
కొలువుదీరినావు కొండల కదిరిలో
ఇంతి గోడు వినవె యిందిరేశ

ఇంటి లోపలా కాక, వెలుపలా కాక, నడిగడప మీద న్యాయం చెప్పిన నరసింహస్వామికి మొక్కి ఈ కథ చెబుతున్నాను. ఆయనకు గడపల సంగతి తెలుసు. గడప లోపల బ్రతుకు వెళ్ళబుచ్చే స్త్రీల సంగతీ తెలిసే ఉంటుంది.

ఆ ఉదయం జయంతి పొయ్యి ముందు నిలబడి సంగటి గెలుకుతూ ఉంది. రాగిపిండి ఉండకట్టకుండా కట్టెను రెండు చేతులా పట్టి తిప్పుతుంటే నొప్పి మణికట్టు నుంచి భుజాల దాకా పాకుతుంది. ఆ నొప్పి ఎంత అలవాటైందంటే, అది లేని పూట ఏదో పని మరిచినట్టు తోస్తుంది. అప్పుడే వెనుక నుంచి భర్త తిప్పయ్య గొంతు వినిపించింది.

"నిన్న చెప్పిందే మల్లా చెప్తాండా. ఆ అంగన్‌వాడీ ఉద్యోగం మనకొద్దు. నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారు? నాయన నోట్లో ముద్ద ఎవరు పెడతారు?"

"ఇంట్లో ఊరికే కూసొని తింటాదని కదా నన్ను గురించి నువ్వు అందరికీ చెప్పేది. ఊరికే కూసునేదాని పని ఎవరైనా చేస్తార్లే."

"మాటలకేం కొదవ లేదు నీకు" అన్నాడు తిప్పయ్య.

వసారాలో చేటతో వేరుశనగ గింజలు చెరుగుతున్న అత్త మారెమ్మ తలెత్తకుండానే అందుకుంది. "పెద్దకోడలు ఉన్నింటే మొగునికి ఇట్ల ఎదురు చెప్పేదా? నోట్లో నాలుక లేని బిడ్డ. మహాతల్లి, మమ్మల్ని ఇట్ల ఇడిసిపెట్టి పోయె."

జయంతి పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. చనిపోయినవారితో పోటీ పడి గెలిచినవారు లేరని ఆ ఇంట కాలు పెట్టిన తొలినాళ్ళలోనే ఆమెకు తెలిసిపోయింది. తిప్పయ్య మొదటి భార్య ఆంజినమ్మ, సంతకు పోతూ దారిలో లారీ తగిలి, నాలుగేళ్ళ సరళను వదిలి కన్నుమూసింది. సంవత్సరీకం కాగానే జయంతిని తెచ్చి ఆ బిడ్డను ఆమె ఒడిలో పెట్టారు. ఆ సరళ ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతోంది. జయంతి వచ్చిన కొన్ని నెలలకే మామ కుళ్లాయప్పకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. కుందుర్పి మండలంలోని ఆ ఊరికి వాన దూరపు చుట్టం లాంటిది. వస్తానని కబురు పెడుతుంది, రాదు. వచ్చినా రాకున్నా చేలో కలుపు తీయాలి, గొర్రెల దొడ్డి ఊడ్వాలి, ట్యాంకరు దగ్గర బిందెలు వరుస పెట్టాలి. వీటన్నిటి నడుమ, పెళ్ళికి ముందు తాను పదో తరగతి పాసైన సంగతి జయంతి దాదాపు మరిచిపోయింది. ఊరి అంగన్‌వాడీలో ఖాళీ పడితే ఎవరితోనూ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. ఎన్నికైనట్టు ఉత్తర్వు వచ్చింది. సోమవారం చేరకపోతే ఆ చోటు తరువాతి ఆమెకు పోతుంది. జీతం కోసం మాత్రమే కాదు ఆమె తపన. 'తిప్పయ్య రెండో పెండ్లాము' అనే మాట వినబడని చోటు, పసిపిల్లలైనా సరే, 'జయంతి టీచర్' అని పిలిచే చోటు ఈ భూమి మీద ఒకటుందని ఆమెకు కొత్తగా తెలిసింది.

సంగటి ముద్దలు కడుతుండగా తిప్పయ్య ఫోను మోగింది. అనంతపురం వకీలు. వింటూ వింటూ తిప్పయ్య లేచి నిలబడ్డాడు.

"అమ్మా! ఢిల్లీలో గెలిచినామంట! ఆంజినమ్మ కేసు!"

ఆ కేసు వయసు ఆ ఇంట్లో జయంతి వయసంత. ఆంజినమ్మ మరణానికి పరిహారం కోరితే, ఆమె ఇంట్లో ఉన్న మనిషి, సంపాదన లేదు కనుక ఇంతే చాలునని కింది కోర్టు కొంచెం ఇప్పించింది. అదీ ఎక్కువేనని బీమా కంపెనీ హైకోర్టుకు పోతే అక్కడ ఇంకా తగ్గించారు. వకీలు ధైర్యం చెప్పి సుప్రీంకోర్టులో అప్పీలు వేయించాడు. అది ఏళ్ళ తరబడి అక్కడే నిద్రపోయి, ఇప్పుడు కళ్ళు తెరిచింది.

తిప్పయ్య ఆ సంతోషంలో ధర్మవరం పోయి జయంతికి పట్టుచీర తెచ్చాడు. ముత్తైదువగా పోయిన పెద్దభార్యను పేరంటాలుగా కొలవడం వారి ఇంటి ఆచారం. రెండవ భార్య కొత్తచీర కట్టాలంటే ముందు దానిని ఆమె పటం ముందు పెట్టి, పసుపు కుంకుమలు చల్లి, 'అక్కా, నీ తరువాతే నేను' అని మొక్కి, ఆమె విడిచినది అనుకొని కట్టుకోవాలి. ఇన్నేళ్ళలో జయంతి కట్టిన ప్రతి చీరా అలా ఇంకొకరు విడిచినదే. ఆచారాన్ని ఆమె ఎన్నడూ తప్పలేదు. భక్తితోనే చేసింది. కానీ మొక్కుతున్న ప్రతిసారీ గుండెలో ఒక మూల, చేదు గింజ కొరికినట్టు, 'నీకేమక్కా, పోయి గెలిచినావు' అనుకోకుండా ఉండలేకపోయింది.

ఆదివారం సరళ వచ్చింది. పటానికి పూలదండ వేశారు. కుళ్లాయప్పను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. వకీలు పంపిన తీర్పు సరళ ఫోనులో ఉంది. ఇంగ్లీషులో ఉన్నదానిని ఆమె చదువుకుంటూ తెలుగులో చెబుతూ పోయింది.

"బీమావాళ్ళు ఏమన్నారంటే... భర్త మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు, కొత్తగా వచ్చినామె ఆ పనులే చేస్తాండాది, అందుకని కుటుంబానికి నష్టమేం లేదు, అన్నారంట."

"వాళ్ళ నోరు పడ!" అంది మారెమ్మ.

"విను అవ్వా. జడ్జీలు ఒప్పుకోలేదు. ఒక మనిషి స్థానంలోకి ఇంకో మనిషి వస్తే మొదటి మనిషి కష్టం విలువ పోతుందా, ఇంట్లో ఆడవాళ్ళు చేసేది పని కాదనుకోవడం అన్యాయం, అని రాసినారు. ఇంక అమ్మ చేసే పనులు... నాయన సాక్ష్యంలో చెప్పినవి." సరళ గొంతు సవరించుకుంది. "తెల్లారకముందే లేచి ట్యాంకరు దగ్గర నీళ్ళు పట్టి మోసేది. గొర్రెల దొడ్డి ఊడ్చేది. తల్లిపాలు చాలని గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టేది. చేలో కలుపు తీసేది. పక్షవాతంతో మంచాన పడిన మామకు ఒళ్ళు తుడిచి, సంగటి పాలలో మెదిపి తినిపించేది..."

సరళ ఆగింది. మళ్ళీ ఆ వాక్యమే మనసులో చదువుకుంది.

"నాయనా, తాతకు పక్షవాతం వచ్చింది అమ్మ పోయినాక కదా?"

మారెమ్మ చేతిలోని కర్పూరం బిళ్ళ కింద పడింది. తిప్పయ్య భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"వకీలు అడిగినాడు, మీ ఆడమనిషి దినమంతా ఏం చేసేది చెప్పప్పా అని. నాకేం తెలుస్తాది? పొద్దున గొర్రెల ఎంట పోతే మాపుకు వస్తాంటి. వాయిదా దగ్గరికొచ్చె. అందుకే చిన్నామెను చూసి చెప్పినా." కొంచెం ఆగి, తన మాటలో తప్పేమీ లేదన్నట్టు అన్నాడు. "ఆడోళ్ళ పని అందరిదీ ఒగటే కదా!"

జయంతి గోడకు ఆనుకుంది. ఆమెకు ఒక దినం గుర్తుకు వచ్చింది. గుర్తుకు రావడమేమిటి, దానిని ఎన్నడు మరిచింది గనుక? తాను కాపురానికి వచ్చిన ఏడాదిలో, ఒకరోజు తిప్పయ్య గొర్రెలను పక్కింటివారి వెంట తోలించి, వేకువ నుంచి పొద్దుగూకే దాకా ఇంట్లోనే ఉన్నాడు. ఆమె నీళ్ళకు పోతే వాకిట నిలబడి చూశాడు. దొడ్డి ఊడుస్తుంటే చూశాడు. మామకు ముద్ద పెడుతుంటే గుమ్మం పట్టుకొని కన్నార్పకుండా చూశాడు. ఆమె సిగ్గుతో కొంగు సవరించుకొని, 'ఏమట్ల చూస్తాండావు?' అంటే, 'ఏంలే, చెయ్యి, చెయ్యి' అన్నాడు. ఆ సాయంత్రం ఆమె ముఖం కడుక్కొని, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. మగవాడు పని మాని తన ఇల్లాలిని చూస్తూ కూర్చోవడం ఆమె ఎక్కడా విని ఎరుగదు. తరువాత అతడు ఎన్ని మాటలన్నా, 'లోపల ప్రేమ ఉండాదిలే, చెప్పడం రాదు' అని ఆ దినాన్నే తలుచుకొని ఓర్చుకుంది. కరువు ఏడాదిలో గాదె అడుగున దాచిన విత్తనాల వలె ఆ ఒక్క దినాన్ని దాచుకొని ఇన్నేళ్ళు బ్రతికింది. ఇప్పుడు తెలిసింది, ఆ రోజు అతడు చూసింది ఆమెను కాదు. ఆమె చేతులను చూసి, చచ్చిపోయిన మనిషికి చేతులు అమర్చుకుంటున్నాడు.

ఏడుపు రాలేదు. అంతకంటే విచిత్రమైన బాధ ఒకటి మెల్లగా పైకి వచ్చింది, అది తన కోసం కాదు. దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు ఆంజినమ్మ కష్టానికి విలువ కట్టింది. కానీ ఆ తీర్పులో ఆంజినమ్మ ఎక్కడ? ఆమె మోసిన నీరు ఏ బావిది? ఆమె చేతి కూరకు ఏ రుచి ఉండేది? ఏ రాత్రి, బిడ్డకు జ్వరమొస్తే, ఒంటరిగా కూర్చుంది? ఒక్కటీ లేదు. బ్రతికి ఉన్నప్పుడు చూడని మనిషిని చచ్చాక ఎలా చెబుతారు? ఆ పైన అప్పీలు వినే కోర్టు కూడా లేదు. పటంలోని స్త్రీని ఇన్నేళ్ళు సవతి అనుకొని మొక్కినందుకు జయంతి మనసు కలుక్కుమంది. అక్క అని నోటితో పిలిచింది గాని, ఒకే మనిషి చూపు తగలని ఇద్దరిలో పెద్దది ఆమె అని తెలుసుకోలేకపోయింది.

"సరళా, మీయమ్మ గురించి నీకేమైనా గుర్తుండాదా?"

"చిన్నదాన్ని కదా చిన్నమ్మా." సరళ ఆలోచించింది. "నవ్వేది. గట్టిగా. నవ్వితే కోళ్ళు బెదిరి పరుగెత్తేవి. అవ్వతో కొట్లాడేది కూడా, 'పోవే ముసల్దానా' అని."

"ఎవరు, ఆంజినమ్మా? నన్నా?" మారెమ్మ నోరు తెరిచింది. కింద పడిన కర్పూరం ఏరుకుంటూ మెల్లగా అంది, "అనేదిలే. నిజమే. నేను నాలుగంటే అది పది అనేది."

నోట్లో నాలుక లేని మహాతల్లి ఆ మాటతో మాయమైంది. కోళ్ళను బెదరగొట్టిన ఒక పడుచుపిల్ల, మొదటిసారిగా, ఆ ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది.

జయంతి భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, అక్క చేసిన పని ఒగటి చెప్పు. ఆమెది, నాది కాదు."

తిప్పయ్య పటం వైపు చూశాడు. "నీళ్ళు..." అని, జయంతి వైపు చూసి చూపు దించుకున్నాడు.

"రేపు నేను చచ్చిపోతే, నా గురించి ఎవరిని చూసి చెప్తావు?"

"అట్లాంటి మాటలెందుకే," అన్నాడతడు బలహీనంగా. "ఇది బయట అనొద్దు. గెలిచిన కేసు."

"యాడా అనను. ఆ దుడ్లు సరళవి. తల్లి లేక పెరిగింది, దానికి న్యాయమే. అందులో పనులు కూడా అబద్ధం కాదు, పేరొక్కటే మారింది."

ఆమె పటం ముందుకు పోయి పసుపు కుంకుమలు చల్లింది. కళ్ళు మూసుకొని మొక్కింది. ఆ రోజు ఆమె ఏమి మొక్కిందో ఎవరికీ చెప్పలేదు. కాని పట్టుచీరను తీసి తాను కట్టుకోలేదు. సరళ చేతుల్లో పెట్టి, "ఇది మీయమ్మది. నేను విడుపు బట్టలు కట్టుకునేది ఇంక చాలు" అంది.

సోమవారం పొద్దున జయంతి తలదువ్వుకొని, పెళ్ళికి ముందు నాటి, తనదైన పాత నేతచీర కట్టుకొని, మామకు నమస్కరించింది. కుళ్లాయప్ప కదిలే చేతిని కొంచెం పైకెత్తాడు. తిప్పయ్య గొర్రెలను తోలబోతూ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిజంగానే పోతాండావా? నాయనకు ముద్ద, దొడ్డి, నీళ్ళు... ఇవన్నీ ఎవరు చేస్తారు?"

"నువ్వే చెయ్యి."

"నాకేం తెలుసు ఆ పని?"

"నీకు తెలియకేమి? వరసగా, ఒక్కటీ విడువకుండా చెప్పినావు. ఢిల్లీ కోర్టే నమ్మింది."

అని, వీధిలోకి నడిచింది.

ఈ కథ విన్న ఇల్లాండ్రకు తమను చూసే కళ్ళు తాము బ్రతికి ఉండగానే దొరుకుగాక. విన్న పురుషులకు ఆ చూపు పొద్దు వాలకముందే కలుగుగాక. మన మెట్టభూముల మీద వాన కురియుగాక. చెప్పినవారికీ, విన్నవారికీ, పేరు చెప్పక మరుగైన తల్లులందరికీ శుభమగుగాక.