సగం మాత్ర

బట్టల కొట్టు వెనక గదిలో కత్తిరింపు బల్ల దగ్గర నిలబడే ఆవిడని అందరూ కత్తెరమ్మ అంటారు. రెండు మీటర్లు పట్టే చొక్కాని మీటరున్నరలో తీసేస్తుంది మహాతల్లి. గుడ్డ చాలకపోతే అతుకు వేసి, ఆ అతుకుని మడత లోపలికి తోసేస్తుంది. తొడుక్కున్నవాడికి కూడా తెలియదు. "నీ చేతిలో గుడ్డ సాగుతుందమ్మా" అనేవాడు కొట్టు యజమాని. ఆ మాట విని విని, ఏదైనా సాగదీయొచ్చన్న ధీమా పట్టుకుంది ఆవిడకి. అదే కొంప ముంచింది.

ఆవిడకి ఒక్కతే కూతురు, చిట్టి. ఆ కొట్టులోనే గుండీలు కుట్టేది. రెండేళ్ల కిందట చిట్టి చెవుల్లో ఎవరెవరో మాట్లాడడం మొదలుపెట్టారు. మీ అమ్మ నిన్ను మోసం చేస్తోంది, ఆమె ఏమిచ్చినా తినకు అని. పిల్ల తిండి మానేసింది, నిద్ర మానేసింది. ఒకరోజు గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని నడిరోడ్డు మీద కూర్చుంది.

ఆసుపత్రిలో చేర్చారు. మంచానికి వేరు, మందులకి వేరు, కాపలా ఆయాకి వేరు, ఆఖరికి తల్లి కూర్చున్న కుర్చీకి కూడా రోజుకింత! ఒళ్లు మండదూ? కాలు విరిగితే డబ్బిచ్చే బీమావాళ్లు, ఇదైతే మాకు సంబంధం లేదన్నారు. ఇంట్లో కుట్టుమిషన్ పోయింది, మెడలో గొలుసు పోయింది, కొట్టులో రాబోయే జీతం ముందే పోయింది. పోతే పోయింది, పిల్ల మళ్లీ మనిషైంది. ఇంటికొచ్చిన రోజు చిట్టి "ఆకలేస్తోందమ్మా" అంటే, కత్తెరమ్మ వంటగదిలోకి పోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"మందులు మాత్రం ఆపకండి" అని చెప్పి పంపాడు డాక్టరు. ఆపడమా, ఎంత మాట! ఆపలేదు. కాకపోతే ఆ మాత్రల ఖరీదు ఇంటద్దెతో పోటీ పడేది. కొన్నాళ్లు నోరు కట్టుకుని తెచ్చింది. ఇంటివాడు సామాను బయట పారేస్తానన్న నెలలో, మాత్రని బల్ల మీద పెట్టి కత్తెర మొనతో సరిగ్గా నడిమికి తుంచింది. పిల్ల బాగానే ఉందిగా, ఇది చాలదూ అనుకుంది.

"ఇదేంటమ్మా, సగమే ఉంది?" అడిగింది చిట్టి.

అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చిన "పిచ్చి మొద్దూ" అన్న మాటని మింగేసుకుంది తల్లి. "డాక్టరుగారే తగ్గించమన్నారే. నీకు నయమవుతోందట."

అప్పుడు చూడాలి చిట్టి మొహం! కొట్టుకి వచ్చినవాళ్లందరికీ అదే కబురు. "నా మందు సగానికి దిగింది తెలుసా? తర్వాత పావు, ఆ తర్వాత ఏమీ ఉండదు." గుండీలు కుడుతూ కూనిరాగాలు కూడా తీసింది. నిజం చెప్పేద్దామనుకునేది కత్తెరమ్మ. కానీ ఆ సంతోషం కళ్లారా చూస్తూ ఏ తల్లి నోరు విప్పుతుంది? ఈ నెల గడవనీ, వచ్చే నెల పూర్తిగా కొంటాను అనుకునేది. ఏ నెలా గడవలేదు.

చలి మొదలయ్యేసరికి చిట్టి చెవుల్లో ఆ గొంతులు తిరిగొచ్చాయి.

"వాళ్లు మళ్లీ చెబుతున్నారమ్మా" అంది చిట్టి. "మందు దగ్గర నువ్వు నన్ను మోసం చేస్తున్నావంట."

కత్తెరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "అంతా అబద్ధమే తల్లీ! నీ మీద ఒట్టు."

"నాకు తెలుసులే. నువ్వు చెప్పావుగా, ఇంక వాళ్ల మాట వినను."

తల్లి చెయ్యి వదలకుండానే ఆసుపత్రికి వచ్చింది చిట్టి. డాక్టరు ఎదుట కూర్చున్నాక కూడా వదల్లేదు.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా?" అడిగాడు డాక్టరు.

"ఒక్కరోజు కూడా మానలేదండీ. మీరు తగ్గించారుగా, ఆ సగం."

డాక్టరు కాగితాలు తిరగేశాడు. "నేను తగ్గించలేదే. ఈ జబ్బులో లేనివి ఉన్నట్టు ఊహించుకుంటారు. అమ్మా, మీరు చెప్పండి. పూర్తి మాత్రే వేశారా? వేసినా తిరగబెట్టిందంటే ఈ మందు పనికిరాదు. పెద్ద ఇంజెక్షన్లకి మార్చాలి, నెలల తరబడి ఇక్కడే ఉంచాలి. ఖర్చు చాలా అవుతుంది. తక్కువ వేసి ఉంటే మాత్రం, పాత మందే సరిగ్గా మొదలుపెట్టి త్వరగా పంపేస్తాను."

"చెప్పమ్మా, ఆయన మర్చిపోయినట్టున్నారు" అంది చిట్టి.

పిల్ల ఏదో ఊహించుకుందని ఒక్క మాటంటే చాలు, డాక్టరు నమ్మేస్తాడు. ఆ మాట పెదవి దాకా వచ్చింది కూడా. కానీ ఆ ఇంజెక్షన్లకి అమ్మడానికి ఇంట్లో ఏముంది? అప్పుడు డబ్బు లేకే అబద్ధమాడింది, ఇప్పుడు నిజం చెప్పడం కూడా డబ్బు లేకే. ఛీ, ఏం బతుకు!

"నేనే తుంచానండీ" అంది కత్తెరమ్మ. "కొనలేక. దానికి మీ పేరు చెప్పాను."

చిట్టి చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. తల ఓ పక్కకి వంచి, ఎవరో చెబుతుంటే విన్నట్టు విని, "అవును, మీరే నిజం చెప్పారు" అంది గోడ వైపు చూస్తూ.

కాసేపటికి నర్సు పూర్తి మాత్ర తెచ్చి కత్తెరమ్మ చేతిలో పెట్టింది. చిట్టి పళ్లు బిగించేసింది. బతిమాలినా, గడ్డం పట్టుకున్నా నోరు తెరవలేదు. నర్సు అదే మాత్ర తీసుకుని తను ఇస్తే గుటుక్కున మింగింది.

"ఇంటికెళ్లాక ఇవ్వడానికి ఇంకెవరున్నారమ్మా?" అడిగింది నర్సు.

"ఎవరూ లేరు" అంది కత్తెరమ్మ.